మూగజీవుల ఋణము

పిచ్చికుక్క కరచినచో బొడ్డు చుట్టును పదునాలుగు సూదులు పొడిచెదరను మాట తెలుగునాట ఒక తరమువారికి బాగుగ తెలియును. పల్లెటూరి బడిలో ఎవనినైనను కుక్క కరచినదనగానే తోడి పిల్లలు చెప్పి భయపెట్టెడి మాట అదియే. దినమునకొకటి చొప్పున పొట్టపై గుచ్చెడి ఆ సూదుల బాధ ఎల్లరును ఎరిగినదే. కాని ఆ సూదిలోని మందు ఎచటినుండి వచ్చుచుండెనో ఎరిగినవారు బహు కొద్దిమంది. అది గొఱ్ఱె మెదడు నుండి వచ్చుచుండెను. ఆరోగ్యముగ నున్న గొఱ్ఱె మెదడులోనికి వ్యాధి విషము నెక్కించి, కొలది దినములకు అది పక్షవాతముతో కూలబడిన పిమ్మట చంపి, ఆ మెదడును నూరి, అందలి విషమును నిర్వీర్య మొనర్చి టీకామందుగ తయారుచేయుచుండిరి. ఈ విధముగ మన దేశమున 1911 మొదలుకొని 2004 వరకు, తొంబది యేండ్లకు పైగా, గొఱ్ఱె ప్రాణము నిచ్చి మనుష్యుని ప్రాణమును కొనుట జరిగినది.

ఈ బేరము న్యాయమైనదేనా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. కాని ఇటీవలి సంవత్సరములలో ప్రభుత్వములే దీనిని మరల ముందునకు తెచ్చినవి. క్రొత్త మందును మనుష్యులకిచ్చుటకు ముందు జంతువులపై పరీక్షించి తీరవలయునను నియమము అమెరికాలో 1938 నాటి చట్టముతో పాతుకొనినది. 2022 డిసెంబరులో ఆ దేశము ఆ నిర్బంధమును తొలగించినది. 2023 మార్చిలో భారత ప్రభుత్వము సైతము క్రొత్త మందుల నియమావళిని సవరించి, మానవ కణములతోను, యంత్రగణనలతోను చేయు పరీక్షల ఫలితములను స్వీకరించుటకు దారి తెరచినది. 2025 ఏప్రిల్‌లో అమెరికా ఆహారౌషధ సంస్థ ఒకానొక తరగతి మందుల విషయమున జంతు పరీక్షలను క్రమముగ తగ్గించెదమని ప్రకటించినది.

ఈ వార్తలను చదివి, ఇక జంతువులపై ప్రయోగములకు కాలము చెల్లినదని సంతసించినవారు కొందరు. వైద్యశాస్త్రమునకు కాళ్లు విరిచినారని కలతపడినవారు మరికొందరు. ఈ రెండు తీర్పులును తొందరపాటు తీర్పులే. వైద్యము మూగజీవులకు ఎంత ఋణపడియున్నదో, ఆ ఋణమును తీర్చుట ఎట్లో తెలియవలెనన్నచో, ముందుగ ఆ గొఱ్ఱెల కథనే కొంత వివరముగ పరిశీలింపవలసియున్నది.

కసౌలీ టీకా

1885 జూలై 6వ తేదీన ఫ్రాన్సు దేశమున తొమ్మిదేండ్ల జోసెఫ్ మెయిస్టర్ అను బాలుని లూయీ పాశ్చర్ వద్దకు కొనివచ్చిరి. పిచ్చికుక్క వానిని పెక్కుచోట్ల కరచియుండెను. కుందేళ్లలో వ్యాధి విషమును పెంచి, వాని వెన్నుపామును ఎండబెట్టి, దినక్రమమున విషతీవ్రతను తగ్గించెడి పద్ధతిని పాశ్చర్ అప్పటికి కొన్నియేండ్లుగ కుందేళ్లపైనను కుక్కలపైనను అభ్యసించుచుండెను. ఆ మందును పది పదకొండు దినములలో పదమూడు మారులు ఎక్కింపగా బాలుడు బ్రతికెను. ఈ వ్యాధి లక్షణములు కనబడిన మనుష్యునికి చావు దాదాపు తప్పదు. కుందేలు లేనిదే ఆ బాలుడు లేడు. ఈ సత్యమును కాదనుట ఎవరికిని శక్యము కాదు.

పాశ్చర్ పద్ధతి మన దేశమునకు త్వరలోనే వచ్చినది. 1900లో హిమాలయ పాదమున కసౌలీలోను, 1907లో నీలగిరులపై కూనూరులోను పాశ్చర్ సంస్థలు వెలసినవి. కసౌలీలో డేవిడ్ సెంపుల్ అను వైద్యుడు 1911లో గొఱ్ఱె మెదడుతో చేయు టీకాను రూపొందించెను. దానికి ఖరీదైన సామగ్రి అక్కరలేదు. గొఱ్ఱెలు ఎల్లెడల దొరకును. పేదదేశమునకు తగిన మందు అది. అందుచేత అది దేశమెల్ల వ్యాపించి, లెక్కకు మిక్కిలి ప్రాణములను కాపాడినది.

కాని దానియందు ఒక దోషము కలదు. టీకామందుతోపాటు గొఱ్ఱె మెదడు పదార్థము కూడ మనుష్యుని శరీరములో చేరును. ఆ పరాయి పదార్థముపై యుద్ధము సాగించు శరీరము, ఒక్కొక్కరి విషయమున, తన నరములనే శత్రువుగ భావించి దెబ్బతీయును. కుక్క కాటు నుండి తప్పించుకొనిన మనుష్యుడు మందు వలన పక్షవాతమునకు గురియగును. వేలమందిలో ఏ ఒకరిద్దరికో ఇట్లు జరుగుచున్నను, జరిగిన కుటుంబమునకు అది కొద్ది కాదు.

ఇంతలో వేరొక మార్గము తెరచుకొన్నది. 1962లో జపాను దేశములోని చిబా విశ్వవిద్యాలయమున ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆఫ్రికా పచ్చకోతి మూత్రపిండమునుండి కొన్ని కణములను గ్రహించి గాజుపాత్రలో పెంచిరి. వీరో కణములని పేరొందిన ఆ కణసంతతి నేటికిని ప్రపంచములోని ప్రయోగశాలలలో వృద్ధి చెందుచునేయున్నది. వానియందు వ్యాధి విషమును పెంచి, శుద్ధిచేసి, నరముల పదార్థము ఏమాత్రమును లేని టీకాను తయారుచేయుట సాధ్యమైనది. బొడ్డు చుట్టును సూదులు పోయి, చేతి కండకు వేయు నాలుగైదు సూదులు వచ్చినవి. నేడు హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ తయారుచేయు కుక్కకాటు టీకా ఈ విధమైనదే.

ఇచట గమనింపదగిన సంగతి ఒకటి కలదు. నరపదార్థముతో చేయు టీకాలను మానివేయవలసినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1984 నాటికే గట్టిగ హితవు చెప్పినది. మన దేశమున అవి ఆగినది 2004 చివర. క్రొత్త టీకా ఖరీదు పెద్దదియగుట, సర్కారు ఆసుపత్రికి వచ్చువారు పేదలగుట ఇందుకు కారణములు. 2006లో స్వల్పమైన మోతాదును చర్మము పొరలో ఎక్కించు పద్ధతికి అనుమతి లభించి, ఒక్కని మందుతో పలువురకు చికిత్స జరుగుట ఆరంభమైన పిమ్మట గాని ఖరీదు చిక్కు సడలలేదు. మేలైన మార్గము తెలిసిన పిమ్మట గడచిన ఆ ఇరువది యేండ్లలో చచ్చిన గొఱ్ఱెల చావునకు శాస్త్రము బాధ్యత వహింపజాలదు. ఆ బాధ్యత సోమరితనమునకును లోభమునకును చెందవలసినదే. అంతకుముందరి చావులకు అవసరమను సమాధానము కలదు. పిమ్మటి చావులకు ఆ సమాధానము లేదు. జంతు ప్రయోగముల విషయమున న్యాయాన్యాయములను విడదీయు గీత ఈ రెంటి నడుమనే యున్నది.

వైద్యము పొందిన మేలు

అవసరమను మాటను తేలికగ వాడుటయు తగదు, తేలికగ త్రోసివేయుటయు తగదు. 1921వ సంవత్సరపు వేసవిలో టొరాంటో విశ్వవిద్యాలయమున ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ అను ఇద్దరు యువకులు కుక్కల క్లోమగ్రంథిని తొలగించి వానికి మధుమేహము కలుగజేసిరి. వేరొక కుక్క క్లోమము నుండి తీసిన రసమును ఎక్కింపగా వాని నెత్తురులో చక్కెర తగ్గినది. 1922 జనవరిలో ఆ రసమును శుద్ధిచేసి లియోనార్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలునికి ఎక్కించిరి. అంతకు మునుపు ఆ వ్యాధి సోకిన బాలురు ఎముకల గూడులై కొలది కాలములోనే మరణించుచుండిరి. నేడు ఇన్సులిన్ సూది వేసికొని బడికి పోవుచున్న ప్రతి బాలుని జీవితము వెనుక ఆ కుక్కలున్నవి.

తెలుగునాటికి మరింత చేరువైన ఉదాహరణ పెల్లాగ్రా వ్యాధి. చర్మము నల్లబారి పొరలూడుట, విరేచనములు, మతిభ్రమణము దీని లక్షణములు. అమెరికాలో మొక్కజొన్నయే ఆహారముగ గల పేదలలో ఇది ప్రబలియుండగా, కుక్కలకు వచ్చు నల్లనాలుక వ్యాధియు దీనివంటిదేయని పరిశోధకులు గుర్తించిరి. 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ నల్లనాలుక గల కుక్కలకు నికోటినిక్ ఆమ్లము నిచ్చి నయముచేసెను. ఆ వెంటనే మనుష్యులకును అదియే మందయినది. కాని దక్కను పీఠభూమిలో జొన్నన్నము తినువారికి ఈ వ్యాధి ఏల వచ్చుచున్నదను ప్రశ్న మిగిలియుండెను. కూనూరులో పుట్టి, 1950ల చివర హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగ ప్రసిద్ధికెక్కిన పరిశోధనాలయమున సి. గోపాలన్ ఆధ్వర్యమున ఈ పరిశోధన సాగినది. జొన్నలలో ల్యూసిన్ అను మాంసకృత్తుల అంశము అధికముగ నుండుట ఇందుకు హేతువు కావచ్చునని 1960లో ప్రతిపాదించి, జొన్నల ఆహారముపై పెంచిన కుక్కపిల్లలలో నల్లనాలుక పుట్టుటను వారు చూపిరి. ఆ సిద్ధాంతముపై పిమ్మట వాదప్రతివాదములు నడచినను, తెలంగాణ పేదవాని కంచములోని లోపమును శాస్త్రము పట్టించుకొనినది ఆ విధముగనే.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు వినని తెలుగు విద్యార్థి యుండడు. ఆయన నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1947లో వెలువడిన హెట్రజాన్ అను మందు బోదకాలు క్రిములను రూపుమాపునది. ఏ రసాయనము పనిచేయునో, ఏది పనిచేయదో తెలిసినది ఆ జాతి క్రిములు సోకిన పత్తి ఎలుకలపై వరుసగ పరీక్షించుట చేతనే. మన దేశమున ఊరూర ఇంటింటికి పంచిపెట్టిన బోదకాలు మాత్రలు ఆ మందువే.

పరీక్షింపకున్న ఏమగునో తెలిపెడి ఉదాహరణమును కలదు. 1937లో అమెరికాలో ఒక సల్ఫా మందును తియ్యని పానకముగ చేయుటకై డైఎథిలీన్ గ్లైకాల్ అను ద్రవములో కరిగించి అమ్మిరి. రుచిని, రంగును, సువాసనను పరీక్షించినారు గాని అది విషమా కాదా అని ఏ ప్రాణిపైనను పరీక్షింపలేదు. నూరుమందికి పైగా మరణించిరి. వారిలో పసివారు పెక్కురు. 1938 నాటి చట్టమునకు మూలము ఈ దుర్ఘటనయే. అదే ద్రవము, దానికి దగ్గరి చుట్టమైన వేరొక ద్రవమును 2022లో గాంబియా దేశమున పసిబిడ్డల మరణములతో ముడిపడిన దగ్గుమందులలో ఉన్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. అయితే దానిని కనుగొనుటకు నేడు ఎలుకను చంపనక్కరలేదు. రసాయనశాలలో చేయు ఒక చిన్న పరీక్ష చాలును. 1937లో లేని సాధనము నేడు కలదు. లోపించినది దానిని వాడవలయునను శ్రద్ధ మాత్రమే.

జంతువు మనుష్యుడు కాదు

జంతు ప్రయోగములను విమర్శించువారు చెప్పు మాటలలో బలమైనది ఒకటి కలదు. ఎలుక శరీరమునకు సరిపడినది మనుష్య శరీరమునకు సరిపడునను నిశ్చయమేమున్నది? ఈ ప్రశ్నకు చరిత్ర ఇచ్చిన సమాధానము కఠినమైనది. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అను నిద్రమందు బజారునకు వచ్చినది. ఎలుకలకు ఎంత మోతాదిచ్చినను చావకుండుటచే అది మిక్కిలి నిరపాయకరమని ప్రచారము చేసిరి. గర్భిణులు వేవిళ్లకు దానిని వాడిరి. 1961 నవంబరులో దానిని ఉపసంహరించునప్పటికి వేలకొలది శిశువులు కాళ్లు చేతులు ఏర్పడక జన్మించిరి. అంతకు ముందు గర్భముతోనున్న జంతువులకిచ్చి చూడవలయునను తలంపు దాని ఉత్పత్తిదారులకు కలుగలేదు. పిమ్మట పరీక్షింపగా ఎలుకల పిల్లలకు ఆ మందు పెద్దగ హాని చేయదనియు, కుందేళ్ల పిల్లలకును కోతుల పిల్లలకును చేయుననియు తేలినది.

2006 మార్చిలో లండనులో జరిగిన ఉదంతము దీనికి మించినది. ఒక క్రొత్త మందును ఆరుగురు ఆరోగ్యవంతులైన యువకులకు ఎక్కించిరి. కోతులు తట్టుకొనిన మోతాదులో అయిదువందల వంతు మాత్రమే ఇచ్చినను, కొలది గంటలలో ఆరుగురును ప్రాణాపాయ స్థితిలో పడిరి. కోతి రక్తకణములకును మనుష్యుని రక్తకణములకును గల సూక్ష్మభేదమే ఇందుకు హేతువు.

ఈ రెండు ఉదంతములనుండి జంతు పరీక్షలన్నియు వ్యర్థమని నిర్ణయించుట తర్కము కాదు. మొదటిదానిలో అడుగవలసిన ప్రశ్నను అడుగలేదు. రెండవదానిలో జంతువు ఉత్తరము చెప్పలేని ప్రశ్నను దానిని అడిగిరి. రెంటి సారాంశమును ఒక్కటే: ప్రయోగమును ఆచారముగ జరుపరాదు. ఈ జాతి జంతువు, ఈ ప్రశ్నకు, ఈ విధముగ సమాధానము చెప్పగలదని ముందుగ నిరూపించుకొనిన పిమ్మటనే దాని ఒంటిపై చేయివేయవలెను. ఆ నిరూపణ లేనిచో జంతువు బాధయు వ్యర్థము, మనుష్యునికి రక్షణయు లేదు.

మూడు సూత్రములు, ఒక చట్టము

కరుణతో ప్రయోగము జరుపుట ఎట్లను విషయమున 1959లో ఇంగ్లండునుండి ఒక గ్రంథము వెలువడినది. రస్సెల్, బర్చ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు అందు మూడు సూత్రములను ప్రతిపాదించిరి. జంతువు లేకుండ పని జరుగునెడల జంతువును వాడరాదు. వాడక తప్పనియెడల సంఖ్యను తగ్గింపవలెను. తగ్గించిన పిమ్మట మిగిలిన వానికి బాధ కలుగనీయని పద్ధతులను అవలంబింపవలెను. మానుట, తగ్గించుట, మృదువుగ జరుపుట అను ఈ మూడే నేటికిని ప్రపంచ దేశముల నియమములకు పునాది.

మన దేశములో ఇంచుమించు అదే కాలమున ఇట్టి ఆలోచన చట్టరూపము దాల్చినది. కళాక్షేత్రమును స్థాపించిన నాట్యకళాకోవిదురాలు రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలుగ జంతుహింసా నివారణకై స్వయముగ ఒక బిల్లును ప్రవేశపెట్టిరి. ప్రధాని నెహ్రూ సమగ్రమైన చట్టమును ప్రభుత్వమే తెచ్చునని మాట ఇచ్చుటచే ఆమె దానిని ఉపసంహరించుకొనిరి. ఆ మాటకు ఫలమే 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టము. ఆ చట్టము ప్రయోగములను నిషేధింపలేదు. కాని వానికి హద్దులు గీచినది. తగిన మత్తుమందు నిచ్చి దయతో జరుపవలెను. కోలుకొనినచో తీవ్రబాధకు లోనగు జంతువును మత్తులో నుండగనే కడతేర్చవలెను. చిన్న జంతువుతో తీరు పనికి పెద్ద జంతువును వాడరాదు. కేవలము చేతివాటము నేర్చుకొనుటకై సాధ్యమైనంతవరకు ప్రయోగము చేయరాదు. పుస్తకములు, నమూనాలు, చలనచిత్రములతో బోధన సాగునెడల కళాశాలలో జంతువు జోలికి పోరాదు. 1998 నాటి నియమముల ననుసరించి ప్రతి సంస్థలోను ఒక నైతిక సంఘముండవలెను. అందు పశువైద్యుడును, బయటి శాస్త్రజ్ఞుడును, శాస్త్రజ్ఞుడు కాని పౌరుడొకడును కూర్చుండవలెను. వారి అనుమతి లేనిదే ప్రయోగము ఆరంభింపరాదు.

చట్టము ప్రయోగశాల గోడల లోపలి సంగతులనే కాక, గోడల వెలుపలి సంగతులను కూడ చూడవలయునని మన దేశపు కోతుల చరిత్ర తెలుపుచున్నది. 1950లలో పోలియో టీకా తయారీకి కోతి మూత్రపిండ కణములు కావలసివచ్చినవి. ఏటేట వేలకొలది కోతులను ఉత్తరభారత గ్రామములనుండి పట్టి విమానములపై విదేశములకు పంపుచుండిరి. 1955 జనవరిలో అట్లు పోవుచున్న కోతులు దాదాపు నాలుగు వందలు లండను విమానాశ్రయమున గాలిలేని బండిలో ఊపిరాడక చచ్చినవి. వానిని ఏ శాస్త్రజ్ఞుడును చంపలేదు. బోను తలుపు వేసి, లోపల ప్రాణమున్నదని మరచినవాడు చంపెను. దేశమున ఆగ్రహము చెలరేగి, ప్రభుత్వము ఎగుమతిని కొంతకాలము ఆపినది. పిమ్మట వైద్యమునకు మాత్రమే వాడవలయునను షరతుపై తిరిగి అనుమతించినది. ఆ షరతునకు విరుద్ధముగ సైన్యసంబంధమైన అణుకిరణ ప్రయోగములలో కూడ కోతులను వాడిరని వెల్లడియగుటతో 1978లో ఎగుమతిని పూర్తిగ నిషేధించినది.

ఇందు రెండవ పార్శ్వమును మరువరాదు. 2011 జనవరి తరువాత మన దేశమున సహజ పోలియో కేసు ఒక్కటియు లేదు. 2014 మార్చిలో భారతదేశము పోలియో నుండి విముక్తమైనట్లు ధ్రువపత్రము లభించినది. ఒకప్పుడు ప్రతి ఊరిలోను కనబడుచుండిన చచ్చుబడిన కాలు నేటి బడిపిల్లలలో కనబడదు. ఆ కోతులు చేసిన మేలు ఇది. ఆ మేలు చేసిన ప్రాణికి గాలి ఆడు బోనునైనను ఇయ్యకపోవుట మనుష్యజాతికి మచ్చ.

దయ వేరు, శాస్త్రము వేరు అనుకొనువారు ఒక సంగతిని గుర్తింపవలెను. బెదరిన ఎలుక నెత్తురులో ఒత్తిడి రసములు పెరుగును. చక్కెర మారును, రోగనిరోధక శక్తి మారును. ఇరుకు బోనులో, చప్పుడులో, మొరటు చేతులలో పెరిగిన జంతువు ఇచ్చు ఫలితము మందు ఫలితమో, భయము ఫలితమో తెలియదు. తోడుగ నుండు జంతువులు, గూడు కట్టుకొనుటకు గడ్డి, చేతికి మాలిమి చేసిన పోషకుడు, నొప్పి కనబడగనే ప్రయోగమును ఆపగల పశువైద్యుడు ఉన్న శాలయే సరియైన ఫలితము నీయగలదు. క్రూరముగ చేసిన ప్రయోగము చాలమారులు చెడ్డ ప్రయోగము కూడ.

నేటి స్థితి

ఋణము కొంత తీరుచున్నదనుటకు నిదర్శనములున్నవి. సౌందర్య సాధనములను జంతువులపై పరీక్షించుటను భారతదేశము 2014లో నిషేధించినది. పెదవి రంగు కొరకు కుందేలు కన్ను చెడగొట్టుటకు ఏ అవసరమును సాకుగ చూపుటకు వీలులేదు. సెలైను సీసాలో జ్వరకారకమైన మలినము కలదేమో తెలిసికొనుటకు వెనుక కుందేలు చెవి నరములోనికి ఎక్కించి జ్వరము వచ్చునేమో చూచెడివారు. దానికి బదులు పరీక్షనాళికలో జరుపు పద్ధతికి 2018 నాటి భారత ఔషధ ప్రమాణ గ్రంథము ప్రాధాన్యమిచ్చినది. ఇన్సులినును దశాబ్దముల తరబడి కబేళాలలోని పశువుల క్లోమమునుండి తీసి, దాని బలమును కుందేళ్లపై కొలిచెడివారు. 1982 నుండి సూక్ష్మక్రిములచే మనుష్య ఇన్సులినునే తయారుచేయించుచున్నారు. మానవ కణములను చిన్న గాజుపలకపై కాలేయము వలె, ఊపిరితిత్తి వలె పనిచేయించు సాధనములు వచ్చినవి. లండను ఉదంతము వంటి దానిని పసిగట్టుటకు కోతి కంటె మనుష్య రక్తకణములే తగిన సాక్షులు.

అయినను జంతువు అవసరము పూర్తిగ తీరినదనుట సత్యము కాదు. 2020లో కోవిడు వ్యాధి ప్రపంచమును చుట్టుముట్టినపుడు హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి కలసి రూపొందించిన కోవాక్సిన్ టీకాను ఇరువది కోతులపై పరీక్షించిరి. టీకా వేసిన కోతుల ఊపిరితిత్తులను వ్యాధి నుండి అది కాపాడుటను చూచిరి. టీకా, రోగక్రిమి, ఊపిరితిత్తి, నెత్తురు, జ్వరము అన్నియు కలసి పనిచేయునపుడు ఏమి జరుగునో ఒక గాజుపలక చెప్పలేదు. గర్భములోని శిశువు, మెదడు, ముసలితనము మున్నగు విషయములలోను స్థితి ఇట్టిదే. నేడు ఒక్కమారుగ అన్నింటిని నిషేధించినచో మొదటి పరీక్ష మనుష్యునిపైననే జరుగును. ఆ మనుష్యుడు పేదవాడై యుండుటకే అవకాశము మెండు.

కావున 2022, 2023 సంవత్సరముల చట్ట సవరణల అర్థమును సరిగ గ్రహింపవలెను. అవి జంతు ప్రయోగములను రద్దుచేయలేదు. జంతువుపై పరీక్షించి తీరవలయునను నిర్బంధమును సడలించి, ఇతర పద్ధతులకును దారి తెరచినవి. ఇదివరలో జంతువును వాడనివాడు కారణము చెప్పుకొనవలసివచ్చెడిది. ఇకమీదట అతడు తగిన ఇతర పరీక్షల ఫలితములను చూపవచ్చును. ఈ మార్పు కాగితముపై మిగిలిపోవునో, ప్రయోగశాలలోనికి పోవునో అనునదే నేటి ముఖ్యప్రశ్న. గొఱ్ఱె మెదడు టీకా విషయమున ఇరువది యేండ్లు పట్టినది. క్రొత్త పద్ధతులకు ధనము వెచ్చింపక, శిక్షణ నీయక, పరీక్షాధికారులు పాత అలవాటునే కోరుచుండినచో ఇప్పుడును అంతకాలము పట్టవచ్చును.

బడిలో ఆరంభము

ఈ విషయమున ఉపాధ్యాయులకును విద్యార్థులకును సంబంధము లేకపోలేదు. కళాశాలలో కప్పను మైనపు పలకపై మేకులతో బిగించి కోసిన జ్ఞాపకము ఒక తరము విద్యార్థులందరికిని కలదు. ప్రతి సంవత్సరము ప్రతి విద్యార్థి తెలిసిన విషయమునే మరల తెలిసికొనుటకు ఒక ప్రాణిని చంపుచుండెను. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2011లో ఈ కోతలను క్రమముగ తగ్గింపవలసినదని సూచించి, 2014లో జంతుశాస్త్ర తరగతులలో వానిని మానివేయవలసినదని ఆదేశించినది. 1960 నాటి చట్టములోని వాక్యము తరగతి గదిని చేరుటకు అర్ధశతాబ్దము పట్టినది.

కత్తి పోయినంత మాత్రమున పాఠము పూర్తి కాదు. ఇన్సులినును గూర్చి బోధించు ఉపాధ్యాయుడు బాంటింగ్ పేరుతోపాటు కుక్కలను గూర్చి కూడ ఒక మాట చెప్పవలెను. పోలియో చుక్కలను గూర్చి చెప్పునపుడు కోతులను గూర్చి చెప్పవలెను. ఏ ప్రయోగమును గూర్చి చదివినను విద్యార్థి మూడు ప్రశ్నలు వేయుట నేర్వవలెను. ఇది లేక పని జరుగదా? ఇంతకంటె తక్కువ ప్రాణులతో జరుగదా? ఇంతకంటె తక్కువ బాధతో జరుగదా? రేపు ఆ విద్యార్థులలో కొందరు ప్రయోగశాలలలో కూర్చుందురు, కొందరు నైతిక సంఘములలో కూర్చుందురు. శాస్త్రజ్ఞుడు కాని పౌరునికి ఆ సంఘములో చట్టము ఒక కుర్చీ వేసియే యుంచినది. ఈ మూడు ప్రశ్నలు అడుగ నేర్చినవాడు ఆ కుర్చీలో కూర్చుండినపుడే దానికి ప్రయోజనము.

నేడు కుక్క కరచిన బాలునికి బొడ్డు చుట్టును సూదులు లేవు. చేతికి వేసిన సూదిలో గొఱ్ఱె మెదడు లేదు. అయినను ఆ మందు పెరిగిన కణములు 1962లో ఒక కోతి ఇచ్చినవి. ఆ కోతి ఒక్కటే. దాని తరువాత మరి ఎన్నో గొఱ్ఱెలు, కుందేళ్లు ఈ పనికై చావనక్కరలేకపోయినవి. మూగజీవి వద్ద తీసికొనిన ఋణమును పూర్తిగ తీర్చుట మనుష్యునికి సాధ్యమగునో కాదో గాని, అవసరము తీరిన దినముననే అప్పు చేయుట మానుకొనుట మాత్రము అతని చేతిలోని పనియే.